దీపం పక్కన లాప్‌టాప్

పొద్దున్నే దీపంలో వత్తి మార్చి, నిన్నటి బంతిపూలు తీసేసి, లాప్‌టాప్ మీద పడ్డ పసుపు తుడుస్తుంటే గుడ్డ ఒకచోట ఎక్కి దిగింది. మీటల కింద వేలు ఆనించి కదిపే పలక ఒక పక్కకు లేచి ఉంది. నొక్కాను. దిగలేదు. అడుగున చెయ్యి పెట్టి చూస్తే కాలుతోంది. లోపల బ్యాటరీ ఉబ్బినట్టుంది. తెర మీద దయాకర్ నవ్వుతున్నాడు. కాసేపటికి ఆ నవ్వు పోయి ఇంకో నవ్వు వచ్చింది. చుట్టాల పెళ్లిలో తలపాగా చుట్టుకున్న నవ్వు.

"పొద్దుగాల్నే దానితోని ఏం పనే? నడువనియ్. నా కొడుకు మొఖం కనవడనియ్" అంది మంచం మీంచి మా అత్తమ్మ దుర్గమ్మ.

దయాకర్ నా భర్త. పోయిన దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, డ్యూటీకి బయలుదేరుతూ గడప మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. ఒక బూటు కట్టుకున్నాడు. రెండోది కట్టుకోలేదు. ఇంతకంటే ఎక్కువ నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

పెద్దకర్మ రోజు వచ్చినవాళ్ళు చూస్తారని మా బావ జగన్మోహన్ దయాకర్ ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఒకదాని తరువాత ఒకటి వచ్చేలా పెట్టి, దండ వేసిన పటం పక్కన స్టూలు మీద ఉంచాడు. చుట్టాలు వెళ్లిపోయాక ఆపబోయాను. అత్తమ్మ ఒక్క కేక పెట్టింది. కొడుకు రెండోసారి పోయినట్టే అయింది ఆమెకు. అప్పటినుంచి ఈ ఆగస్టు దాకా లాప్‌టాప్ రాత్రీ పగలూ ప్లగ్గులోనే ఉంది. పక్కన దీపం, ముందు అగరొత్తులు, మూత మీద కుంకుమ బొట్టు. వచ్చినవాళ్ళు పటానికి దండం పెట్టి, దానికీ పెడతారు.

అది దయాకర్ లాప్‌టాప్ అని ఇంట్లో అందరూ అంటారు. కరోనా ఏడాది బడి మూతపడి పాఠాలు ఆన్‌లైన్లో చెప్పమన్నప్పుడు నా చిట్టీ ఎత్తి కొన్నది. ఆదివారాలు ఆయన కంపెనీ మెయిళ్ళు చూసుకునేవాడు, అందుకని మొదట తెరిచినప్పుడు ఆయన పేరే పెట్టాం. ఇంట్లో వస్తువులు అలాగే అవుతాయి. ఫ్రిజ్ ఆయనది, మంచం ఆయనది, నేను వాడే గ్రైండర్ ఒక్కటి నాది. ఆయన మంచివాడు కాదని నేను అనడం లేదు. నేను కెమెరా ముందు కూర్చుని ఏడో తరగతికి లెక్కలు చెబుతుంటే, పిల్లలకు కనిపించకూడదని మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి చాయ్ నేల మీద పెట్టి, మళ్లీ పాక్కుంటూ పోయేవాడు. ఆ మనిషే, రాత్రి మార్కులు ఎక్కిస్తుంటే, "నీ బడి ఇంటికెందుకు దెస్తవ్? మూయ్, అన్నం వెట్టు" అనేవాడు. చనిపోయాక ఇంట్లో రెండో మనిషిని ఎవరూ తలచుకోరు. మొదటి మనిషి గురించి వాళ్ళకు తెలియదు. ఇద్దరినీ మోస్తున్నది నేనొక్కదాన్నే.

ఇప్పుడు నా బడి పని ఆ స్టూలు ముందు నేల మీద కూర్చుని చేసుకోవాలి. ఆయన ఫోటో కిందికి దించి మార్కుల పేజీ తెరుస్తాను. అత్తమ్మ మంచం మీంచి చూస్తూ ఉంటుంది. "ఎంతసేపే? వాన్ని పక్కకు వెట్టి ఇంకెన్ని లెక్కలు జేస్తవ్?" అంటుంది. త్వరత్వరగా కొట్టి, మళ్లీ ఆయన్ని పైకి తెస్తాను. ఆ ఫోటోల్లో నేను ఎక్కడా లేను. యాదగిరిగుట్ట మెట్ల మీద, నాగోల్ మెట్రో ఎక్కిన మొదటి రోజు, మా అమ్మాయి మనస్విని పుట్టినరోజున, అన్నిట్లో ఆయన ఉన్నాడు, అమ్మ ఉంది, అన్న ఉన్నాడు. ఒక ఫోటోలో ఆయన కాళ్ళ మీద పడిన నీడ నాది. తీసింది నేను కదా.

బ్యాటరీ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు ఇంకో కారణం ఉంది. అది చెప్పలేదు. అన్నోజిగూడ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో లెక్కల టీచర్ మధ్యలో మానేసింది. నేను దరఖాస్తు పెట్టాను. ఎంపిక చేసేవాళ్ళు తలా ఒక ఊళ్లో ఉంటారట, అందుకని డెమో పాఠం ఆన్‌లైన్లో. ఫోన్లో కుదరదు, గీసే బొమ్మలు తెర మీద కనిపించాలన్నారు. పోయిన శనివారం అత్తమ్మ దవాఖానాకు వెళ్ళిన సమయం చూసుకుని, హాల్లో స్టూలు ముందే కూర్చుని పాఠం మొదలుపెట్టాను. వాన పడుతోంది. పాఠం ఊపందుకునే వేళకు మా నాచారం అంతా ఒక్క రెప్పపాటు కరెంటు పోయి వచ్చింది. ఆ రెప్పపాటుకే లాప్‌టాప్ ఆరిపోయింది. మళ్లీ తెరిచేసరికి వాళ్ళు వెళ్లిపోయారు.

సాయంత్రం ఆ స్కూలు ప్రిన్సిపల్ మేడమ్ ఫోన్ చేసింది. "పాఠం బాగుంది టీచర్, కానీ సగమే విన్నాం. వచ్చే శనివారం పదకొండింటికి ఇంకోసారి పెడదాం. ఈసారి కూడా మధ్యలో పోతే మేం వేరేవాళ్ళను చూసుకోవాల్సి వస్తుంది, ఏమనుకోకండి." ఏమనుకోలేదు. అక్కడ స్టాఫ్‌కు రెండు గదుల క్వార్టర్ ఉంది. మనస్విని అక్కడే పదో తరగతి చదువుకోవచ్చు. రెండు గదులు, ఒక తలుపు, లోపలి నుంచి గడియ. వారమంతా నేను ఆలోచించింది ఆ గడియ గురించే.

మంగళవారం రాత్రి భోజనాల దగ్గర బావతో చెప్పాను. బావ వాళ్ళు మేడ మీద వేరే ఉంటారు. మా తోటికోడలు చేసే రొట్టెలు మెత్తగా ఉండవని బావ మాత్రం రాత్రిళ్ళు కిందికి వస్తాడు.

"బావా, లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బింది. మార్పించాలె."

"ప్లగ్గుల ఉన్నది గదా? నడుస్తలేదా?"

"నడుస్తుంది. తీస్తే ఆరిపోతుంది."

"తీసుడెందుకు? అదేమన్న ఊర్లు దిరగాల్నా?" అని తనే నవ్వాడు. "సంవత్సరీకం కానియ్. నాగోల్ల నా దోస్తు దుకాణముంది. ఆడ ఇస్త. రెండ్రోజులు వెట్టుకుంటడు. పాస్‌వర్డ్ ఒక్కటి చెప్పు సాలు."

"ఉబ్బిన బ్యాటరీ మంచిది కాదంటరు. పక్కనే దీపం."

"ఏడాది నిండకముందు ఇంట్లకు కొత్త సామాను రావద్దు" అంది అత్తమ్మ. "నీకు తెల్వదా? టీచరమ్మవు."

మనస్విని కంచంలోంచి తల ఎత్తింది. "మరి పెద్దనాన్న ఎండకాలం ఏసీ తెచ్చిండు కదా నానమ్మా?"

"అది మీద. మీదది వేరే ఇల్లు, వేరే పొయ్యి" అంది అత్తమ్మ.

వేరే పొయ్యి మనిషి నా పెనం మీది రొట్టె కోసం చెయ్యి చాపాడు. వేశాను.

"అయితే ఫోటోలు టీవీల పెడదాం బావా" అన్నాను. "పెన్‌డ్రైవ్‌ల ఎక్కిస్తె సాలు. ఇంకా పెద్దగ కనవడతడు."

బావ రొట్టె తుంచడం ఆపి టీవీ వైపు చూశాడు.

"టీవీల వెడితే వార్తలెట్ల సూడాలె?" అన్నాడు బావ.

"నా సీరియలో?" అంది అత్తమ్మ. అన్న తరువాత ఆమెకే ఎలాగో అనిపించిందేమో, కొంగుతో మూతి తుడుచుకుని పటం వైపు చూసింది.

అప్పుడు నాకు ఒకటి తెలిసింది. దయాకర్ కోసం ఇంట్లో ఎవరు ఏం వదులుకోవాలో ఎవరూ కూర్చుని తేల్చలేదు. ఎవరికీ అక్కర్లేని వస్తువు ఏదో చూసుకుని, అందులో ఆయన్ని పెట్టారు. నేను పని చేసుకునే వస్తువు వాళ్ళకు అక్కర్లేని వస్తువు. ఇందులో కుట్ర ఏమీ లేదు. కుట్ర అయినా బాగుండేది, నన్ను లెక్కలోకి తీసుకున్నట్టయ్యేది.

బుధవారం విరామంలో ఏఎస్ రావు నగర్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. పార్టు తెప్పించాలి, లాప్‌టాప్ వదిలి వెళ్తే వారం పడుతుందన్నారు. నాగోల్ దుకాణం అంటే బావ చేతికి పాస్‌వర్డ్. అందులో దాచుకున్నదేమీ లేదు. పిల్లల మార్కులు, ప్రశ్నపత్రాలు, రెండు దరఖాస్తులు. అయినా నా వంటగది డబ్బాలు కూడా అడక్కుండా తెరిచే మనిషికి ఆ ఒక్క మాట చెప్పబుద్ధి కాలేదు. మా సైన్స్ టీచర్ అమృత ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక చిన్న దుకాణం చెప్పింది. కంపెనీది కాదు, అలాంటిదే వేస్తారట, మనం కూర్చున్నంతసేపట్లో మన ముందే విప్పి బిగిస్తారట. "గ్యారంటీ ఆరు నెల్లే ఉదయశ్రీ, అసలుదే కావాలంటే ఆగాలి" అంది. ఆగడానికి నాకు శనివారం దాకానే ఉంది.

గురువారం వెళదామనుకున్నాను. మా హెడ్‌మాస్టర్ పిలిచాడు. "తొమ్మిదో తరగతికి సాయంత్రం ఎక్స్‌ట్రా క్లాసులు మీరే తీసుకోండి టీచర్. మీకేం, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, ఇప్పుడు తొందరగా వెళ్ళి చేసేది కూడా ఏముంది?" ఆయన జాలిగానే అన్నాడు. నేను తీసుకున్నాను. నల్లబల్ల మీద సమీకరణం రాస్తుంటే చేతివేళ్ళలో సుద్దముక్క విరిగింది. పిల్లలు చూసి ఊరుకున్నారు. ఈ ఏడాదంతా పిల్లలు నన్ను చూసి ఊరుకుంటూనే ఉన్నారు.

శుక్రవారం చివరి పీరియడ్‌కు పర్మిషన్ పెట్టి ఇంటికి వచ్చాను. అత్తమ్మ మెలకువగానే ఉంది. పటం ముందు అగరొత్తి వెలిగిస్తోంది. నేను చెప్పులు కూడా పూర్తిగా విడవకుండా వెళ్ళి ప్లగ్గు తీశాను. దయాకర్ యాదగిరిగుట్ట మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అలాగే ఆరిపోయాడు.

"ఏం జేస్తున్నవే?"

"బాగు జేయిపిచ్చుకొస్త అత్తమ్మా."

"జగన్‌ను అడిగినవా?"

"లేదు."

ఆమె అగరొత్తి పటం ముందు గుచ్చి ఇటు తిరిగింది. నన్ను తిడుతుందనుకున్నాను. "మల్ల తెస్తవు గదా?" అంది. ఆ గొంతు నాకు తెలుసు. నాకూ రాత్రిళ్ళు అదే గొంతు వస్తుంది, కాకపోతే బయటికి రాదు. తెస్తానని తల ఊపాను. ఎలా తెస్తానో చెప్పలేదు. మూత పడని లాప్‌టాప్‌ను పాత చున్నీలో చుట్టి ఆటో ఎక్కాను. దారి పొడుగునా అది ఒళ్ళో వేడిగా ఉంది. ఆటో గుంతలో ఎగిరినప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నాను.

దుకాణంలో గడ్డం నెరిసిన ఆయన చున్నీ విప్పి, మూత మీది బొట్టు చూసి, నన్ను చూశాడు.

"దసరాకు పూజ జేసిన్రా మేడమ్? పోయిన దసరాదా, వచ్చే దసరాదా?"

లేచిన పలక చూపించాను. ఆయన మరలు విప్పడం మొదలుపెట్టాడు. వెనక పలక ఎత్తి, "అరె బాప్‌రే" అన్నాడు. బ్యాటరీ దిండులా పొంగి ఉంది. ఫ్యాన్ రెక్కల్లో ఎండిన బంతిపూల రేకులు, వాటి మీద దీపం మసి. బ్రష్షుతో తీసి, కాగితం మీద కుప్పగా పోసి, "లోపట తోట వెట్టిన్రు మీరు" అన్నాడు. "రోజంత ప్లగ్గుల్నే వెడుతున్నరా?"

"పెడుతున్నం."

"పక్కన దీపం గిట్ల?"

"అవును."

ఆయన ఇంక జోకులు వేయలేదు. ఫోన్ మోగింది. బావ.

"యాడున్నవ్?"

"ఉప్పల్‌ల."

"ఎవర్నడిగి తీస్కపోయినవ్? అమ్మ ఏడుస్తుంది. వాని వస్తువు పట్టుకోని దుకాణాల పొంటి తిరుగుతవా? ఆడనే ఉండు, నేనొస్తున్న."

"రావద్దు బావా. అయిపోతుంది" అన్నాను. పెట్టేశాను. బావ మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం నాకు ఇదే మొదలు. బొటనవేలు ఇంకా తెర మీదే ఉంది.

కొత్త బ్యాటరీ బిగించి మీట నొక్కాడు. పేరు వచ్చింది. "దయాకర్ సార్ పాస్‌వర్డ్ కావాలె మేడమ్. ఫోన్ జేసి అడుగుతరా?"

"నాకు తెలుసు" అన్నాను. కొట్టాను. "ఆ పేరు మార్చడం వస్తదా మీకు?"

"రెండు నిమిషాల పని. ఏం వెట్టాలె?"

నా పేరు చెప్పాను. ఆయన టైపు చేస్తున్నంతసేపూ నేను రోడ్డు వైపు చూశాను. చూస్తే ఆగమంటానేమోనని. పైన మెట్రో నాగోల్ వైపు వెళ్తోంది. మొదటిసారి ఎక్కినప్పుడు దయాకర్ కిటికీ దగ్గర నన్ను కూర్చోబెట్టి, ఫోటో తీయమని తను నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి బావ హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ ఖాళీ స్టూలు పక్కన నేల మీద. పటానికి మాత్రం దీపం ఉంది.

"పాస్‌వర్డ్ చెప్పు, ఫోటోలు వెడ్త" అన్నాడు బావ చెయ్యి చాపి.

దుకాణంలోనే ఫోటోలు ఎక్కించుకున్న పెన్‌డ్రైవ్ ఆ చేతిలో పెట్టాను. "ఫోటోలన్నీ దీంట్ల ఉన్నయ్. టీవీల పెట్టుండ్రి. లాప్‌టాప్ నాకు కావాలె. రేపు పదకొండింటికి అన్నోజిగూడ స్కూలుకు పాఠం చెప్పాలె. నచ్చితే నౌకరి ఇస్తరు. ఇస్తే నేనూ మనస్వినీ ఆడికి పోతం."

ఇంత మాట ఒక్క ఊపిరిలో ఎప్పుడూ అనలేదు. అత్తమ్మ నావైపు చూడలేదు. బావ పెన్‌డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పాడు.

"సంవత్సరీకం కాకముందే ఇల్లు ఇడిసిపెడ్తవా? నలుగురు ఏమంటరు? వాడు ఉంటే పంపునా నిన్ను?"

అది వారమంతా నన్ను నేను కూడా అడుగుతున్న ప్రశ్నే. వాడు ఉంటే? పంపకపోయేవాడు. "నీ నౌకరి కోసం ఇల్లు గుంజుకపోతవా?" అనేవాడు. రెండు రోజులు మాట్లాడకపోయేవాడు. మూడో రోజు పాక్కుంటూ చాయ్ తెచ్చేవాడేమో. తెలియదు. ఆయన లేడు, ఆయన ఒప్పుకోకపోవడం మాత్రం ఇంట్లో అందరి దగ్గరా భద్రంగా ఉంది.

"పంపకపోతుండె బావా" అన్నాను. "అయినా అడిగేదాన్ని."

"రేపు ఎట్ల జెప్తవో నేనూ సూస్త" అని బావ మెట్లెక్కాడు. పెన్‌డ్రైవ్ కుర్చీలోనే ఉండిపోయింది. ఆ రాత్రి రొట్టెలకు రాలేదు.

శనివారం పదిన్నరకు మా పడకగదిలోకి వెళ్ళాను. ఆ గదిలో ప్లగ్గు పనిచేయక నాలుగేళ్ళు. కిటికీ కింద ట్రంకు పెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్ నుంచి నెట్ ఇచ్చుకుని, తలుపు గడియ పెట్టాను. పెళ్ళైనప్పటినుంచీ ఆ గదికి నేనొక్కదాన్నే లోపల ఉండి గడియ పెట్టుకోవడం అదే మొదటిసారి. గడియ తుప్పు పట్టి ఉంది, చెంగుతో పట్టుకుని లాగాల్సి వచ్చింది.

తెర మీద నాలుగు ముఖాలు వచ్చాయి. ప్రిన్సిపల్ మేడమ్ మొదలుపెట్టమంది. చుట్టుకొలత, వైశాల్యం. పెన్సిల్ బొమ్మలు గీసే తెర తెరిచి, నాలుగు గదులు పొడవు, నాలుగు గదులు వెడల్పు ఉన్న చతురస్రం గీశాను. "దీని చుట్టూ దారం చుడితే ఎంత కావాలి?" అని అడిగి, వాళ్ళే ఆరో తరగతి పిల్లలైనట్టు జవాబు కోసం ఆగాను. ఒకాయన పదహారు అన్నాడు. "ఇదే దారంతో ఇంకో ఆకారం చుట్టవచ్చు. అప్పుడు లోపల ఇంతే జాగా ఉంటుందా?" అని అడిగాను.

హాల్లో ఫ్యాను చప్పుడు నెమ్మదించి ఆగింది. ఫ్రిజ్ ఆగింది. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"ఉదయా! కరెంటు వాయె. గాలాడ్తలేదు, విసనకర్ర యాడ వెట్టినవ్?" అత్తమ్మ గొంతు. ఆ వెనకే మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు మీద చెయ్యి పడింది. "ఉదయా, మెయిన్ దగ్గర ఏదో అయింది, జర బయటికి రా." బావ. వీధిలో ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. కరెంటు పోయిందో, ఎవరైనా ఆపారో తెలుసుకోవడానికి నేను లేవలేదు.

"టీచర్, మీ వైపు చీకటైంది. ఏదైనా ఇబ్బందా? ఆపమంటారా?" అంది ప్రిన్సిపల్ మేడమ్.

"ఏం లేదు మేడమ్. వినిపిస్తున్నాను కదా?"

"వినిపిస్తున్నారు."

తలుపు మళ్లీ కొట్టారు. ఈసారి గట్టిగా. గడియ అదిరింది. నేను తెర దగ్గరికి ఇంకాస్త ముందుకు జరిగి, మొదటి బొమ్మ పక్కన రెండో బొమ్మ గీయడం మొదలుపెట్టాను.